పాత మారుతి 800లో పెట్రోలు వాసన: ఒక ప్రాజెక్టు డైరీ

మార్చి రెండో వారం

బండి 1992 నాటి మారుతి 800. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను, పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకిచ్చే కార్బొరేటర్, క్యాంషాఫ్టు తిరుగుడుతో నడిచే మెకానికల్ పెట్రోలు పంపు. కంప్యూటరు అన్న మాట లేని యంత్రం. మా మామగారు సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో కొన్న ఈ కారు, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకుంటూ, గ్రీన్ ట్యాక్సు కట్టించుకుంటూ, ఇప్పుడు పద్మారావునగర్‌లో మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఉంటోంది. దీనికి పెట్రోలు వాసన కొత్త కాదు. అయితే ఈసారి ఫిర్యాదు ఇంట్లోంచి కాక కిందనుంచి వచ్చింది. "మీ బండి కాడికి పోతే పెట్రోలు వాసన గుప్పుమంటున్నది సార్, జర చూపించుకోండ్రి" అని వాచ్‌మన్ చెప్పాడు.

సెల్లార్ అనేసరికి దీన్ని అసౌకర్యం కింద కాక ప్రమాదం కింద లెక్కగట్టవలసి వచ్చింది. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక పైకి తేలిపోదు. నేల మట్టాన పరుచుకుని పల్లంలో చేరుతుంది. గాలిలో దాని పాలు సుమారు 1.4 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది, 7.6 శాతం దాటితేనే మండటానికి గాలి చాలదు. మా సెల్లార్‌లో బోరు మోటారు స్టార్టరు ఉంది, లిఫ్టు గుంట ఉంది, రాత్రిళ్లు చార్జింగుకు పెట్టే ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉన్నాయి. స్టార్టరు మీట పడిన ప్రతిసారీ లోపల చిన్న మెరుపు మెరుస్తుంది. కాబట్టి కారణం తేలేదాకా కారును సెల్లార్‌లో పెట్టకూడదని నిర్ణయించి, కాంపౌండు బయట వేపచెట్టు కిందికి మార్చాను. మెకానిక్ షెడ్డులో చేసినది తప్ప, ఈ డైరీలో వచ్చే పనంతా ఆ చెట్టు కింద, ఆరుబయట, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, పక్కన పొడి రకం అగ్నిమాపక సిలిండరు పెట్టుకుని చేసినదే. మెకానిక్కుల దగ్గర వేలాడే పాతకాలపు బల్బు లైటు ఈ పనికి వాడకూడదు. పెట్రోలు చుక్క పడి వేడి బల్బు పగిలితే చాలు. ఎల్ఈడీ టార్చి తెచ్చుకున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక నోట్‌బుక్ తెరిచాను. "పెట్రోలు వాసన వస్తోంది" అన్న వాక్యంతో ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు. ఎప్పుడు వస్తోంది, ఎక్కడ నిలబడితే వస్తోంది, ఇంజను వేడిగా ఉన్నప్పుడా చల్లగా ఉన్నప్పుడా, ట్యాంకులో ఎంత ఉన్నప్పుడు, అద్దాలు దించినప్పుడా ఎత్తినప్పుడా అన్నవి రాసుకుంటే తప్ప ఏ భాగమూ మార్చకూడదని నియమం పెట్టుకున్నాను. మరొక చిక్కు ముక్కుది. వాసనలో కాసేపు ఉంటే మన ముక్కు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. బానెట్ తెరిచి అరగంట పని చేసినవాడు "ఇప్పుడు వాసన లేదు" అంటే ఆ సాక్ష్యం చెల్లదు. అందుకని బయటి గాలిలో ఉండి అప్పుడే వచ్చిన మా శ్రీమతి ముక్కును ప్రమాణంగా తీసుకున్నాను. ఆమె తలుపు తీసి, కూర్చుని, రెండు క్షణాల్లో తేల్చేసింది: "వెనక సీట్లోనండీ. ముందు దాదాపు ఏమీ లేదు." ఈ మొత్తం ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన పరిశీలన ఇదేనని ఆనాడు తెలియలేదు గానీ, రాసి మాత్రం పెట్టుకున్నాను.

మార్చి మూడో వారం

నోట్‌బుక్‌లో కొన్ని పేజీలు నిండేసరికి, ఒక వాసన అనుకున్నది మూడుగా విడిపోయింది. మొదటిది, వేడి ఇంజను ఆపిన పది పదిహేను నిమిషాలకు బానెట్ దగ్గర, బయట నిలబడితే వచ్చేది. రెండోది, అద్దాలు దించి కాస్త వేగంగా పోతున్నప్పుడు వెనుకనుంచి వచ్చేది. ఇందులో పెట్రోలుతోపాటు పొగ ఘాటు కూడా ఉంది, కళ్లు మండుతాయి. మూడోది, రాత్రంతా కదలకుండా ఉన్న కారు తలుపు పొద్దున్నే తీస్తే వెనుక సీటులో గుప్పుమనేది; ఇది పచ్చి పెట్రోలు, పొగ వాసన లేశమైనా లేదు. సెల్లార్‌లో వాచ్‌మన్ పట్టుకున్నది ఈ మూడోదే అయి ఉండాలి, ఎందుకంటే ఆ సమయంలో ఇంజను పూర్తిగా చల్లబడి ఉంటుంది.

ముషీరాబాద్‌లో మామగారి కాలంనుంచి ఈ బండి చూస్తున్న మెకానిక్ ఈ విభజనంతా ఓపికగా విని, "పాత కార్బొరేటర్ సార్, అరిగిపోయింది. కొత్తది ఏసేద్దాం, వాసన మొత్తం పోతది" అన్నాడు. కార్బొరేటర్ మీద అనుమానం తప్పు కాదు. పాత కార్లలో పెట్రోలు వాసనకు అది మొదటి ముద్దాయి. కానీ ఇంజను గదిలో ఉన్న కార్బొరేటర్ రాత్రంతా చల్లగా పడి ఉన్న కారులో వెనుక సీటును మాత్రమే ఎలా వాసన పట్టిస్తుంది? "భాయ్, ముందు చూద్దాం, మార్చేది తరవాత" అని చెప్పి, ఇంజను గది పరిశీలన మాత్రం అతని షెడ్డులోనే మొదలుపెట్టాం.

పంపునుంచి మొదలుపెట్టాం. ఈ పంపులో రబ్బరు గుడ్డ డయాఫ్రం ఒకటి పైకీ కిందికీ ఆడుతూ పెట్రోలును లాగి కార్బొరేటర్‌కు తోస్తుంది. అది చిరిగితే పెట్రోలు ఇంజను ఆయిలులోకి దిగుతుంది. అది బయటికి కనిపించే కారుడు కాదు గనుక మరీ ప్రమాదకరం. ఆయిలు పలచబడి బేరింగులు పాడవుతాయి. దీనికి పరీక్ష సులువు. ఆయిలు మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి చూశాం. ఆయిలు మట్టం పెరగలేదు, వేళ్ల మధ్య రాస్తే జిగట ఉంది, వాసనలో పెట్రోలు లేదు. పంపు నిర్దోషి.

కార్బొరేటర్ విషయంలో చూడవలసింది తడి కాదు, శుభ్రత. పెట్రోలు ఒలికిన చోట తడి కొద్ది నిమిషాల్లో ఆరిపోతుంది. కానీ ముప్పై ఏళ్ల దుమ్ము, ఆయిలు మడ్డి పట్టిన అల్యూమినియం మీద పెట్రోలు కారిన దారి మాత్రం కడిగినట్టు తెల్లగా మెరుస్తుంది. దాని అంచున పసుపు, గోధుమ రంగుల లక్క లాంటి పొర ఉంటుంది. అటువంటి చార ఒకటి కార్బొరేటర్‌లో పెట్రోలు నిలవుండే ఫ్లోటు గది మూత ప్యాకింగ్ కింద, మరొకటి పంపునుంచి వచ్చే రబ్బరు గొట్టం క్లిప్పు దగ్గర కనిపించాయి. గొట్టాన్ని వంచి చూస్తే గోటికి లొంగనంత గట్టిపడి, వంపు దగ్గర సన్నని గీతలు పడి ఉంది. గొట్టం, ప్యాకింగ్, నీడిల్ వాల్వు మార్చాం. ఫ్లోటును వేడినీళ్లలో ముంచి బుడగలు వస్తాయేమో చూశాం, రాలేదు. కార్బొరేటర్ మాత్రం పాతదే ఉంది.

బానెట్ దగ్గరి వాసన చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇక్కడ ఒక భౌతిక సత్యం ఒప్పుకోక తప్పదు. ఇంజను ఆపగానే ఫ్యాను ఆగుతుంది, నీటి ప్రవాహం ఆగుతుంది, తలభాగంలోని వేడి మెల్లగా కార్బొరేటర్‌లోకి ఎక్కుతుంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు. అందులోని తేలికపాటి భాగాలు 35, 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలవుతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో ఆగిన కారు బానెట్ కింద ఉష్ణోగ్రత దానికి ఎంతో పైన ఉంటుంది. ఫ్లోటు గదిలో మరిగిన ఆవిరి గాలి రంధ్రంగుండా బయటికి వస్తుంది. కార్బొరేటర్ లేకుండా కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే తర్వాతి ఎంపీఎఫ్ఐ కార్లలో ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఉంటుంది. మా బండి ఇంజను గదిలో అటువంటిది కనిపించదు. ఆ లేత వాసనను ఈ ప్రాజెక్టు పరిధినుంచి తీసేశాను.

మార్చి చివర

రెండో వాసనకు సిగ్నళ్లు లేని దారి కావాలి. మెహదీపట్నంనుంచి ఆరాంఘర్ దాకా దాదాపు 11.6 కిలోమీటర్లు సాగే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే దీనికి సరిపోయింది. వెనుక అద్దాలు సగం తెరిచి పోయినప్పుడు వాసన వచ్చింది. అద్దాలన్నీ ఎత్తి, బయటి గాలి లోపలికి వచ్చే మీట తెరిచి, బ్లోయరు వేసి తిరిగి వచ్చినప్పుడు రాలేదు. బానెట్ కిందినుంచి వస్తున్న వాసన అయితే ఫలితం దీనికి తలకిందులుగా ఉండాలి, ఎందుకంటే బయటి గాలి లోపలికి వచ్చే జల్లెడ ముందు అద్దం అడుగున, ఇంజను గదికి ఆనుకుని ఉంటుంది.

వెనుక భాగం నిటారుగా తెగిపోయినట్టుండే ఇటువంటి చిన్న కార్లకు ఇది సహజమైన జబ్బు. కారు వేగంగా పోతుంటే వెనుక తలుపు వెంట గాలి పీడనం తగ్గి, సైలెన్సరు పొగ సుడి తిరుగుతూ కారు వీపునే అంటిపెట్టుకుంటుంది. పక్క అద్దాలు తెరిస్తే లోపలి పీడనం కూడా తగ్గి, వెనుక తలుపు రబ్బరు బీడింగ్‌లో ఏ సందు ఉంటే ఆ సందులోంచి పొగ లోపలికి వస్తుంది. కాగితం ముక్క ఒకటి బీడింగ్ మీద పెట్టి తలుపు మూసి లాగి చూశాను. పట్టు ఉన్న చోట కాగితం బిగుసుకుంటుంది, లేని చోట జారి వచ్చేస్తుంది. కింది అంచున, తాళం పక్కన, జానెడు మేర కాగితం ఏ అడ్డూ లేకుండా జారింది. బీడింగ్ మార్చాను. పొగలో పచ్చి పెట్రోలు ఎక్కువగా ఉండటం వేరే విషయం గనుక కాలుష్య పరీక్ష యంత్రం దగ్గర మెకానిక్ మిశ్రమం స్క్రూ సరిచేశాడు. భారత్ స్టేజ్-2 అనే కాలుష్య ప్రమాణాలకు ముందటి నాలుగు చక్రాల పెట్రోలు బళ్లకు కార్బన్ మోనాక్సైడ్ హద్దు 3 శాతం, హైడ్రోకార్బన్ల (కాలని పెట్రోలు) హద్దు 1500 పీపీఎం, అంటే పది లక్షల్లో 1500 వంతులు. సర్టిఫికెట్‌కు అది చాలు గానీ, ఆ హద్దు అంచున నడిచే కారు పొగ ముక్కుకు చాలదు. వీలైనంత కిందికి దించమన్నాను.

పొద్దుటి వాసన ఎప్పటిలాగే ఉంది.

ఏప్రిల్ మొదటి వారం

ఈ వారం పానా పట్టుకోలేదు. నోట్‌బుక్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పొద్దుటి వాసన ప్రతిరోజూ రావడం లేదు. వరుసగా కొన్ని రోజులు వచ్చి, తర్వాత మాయమై, మళ్లీ వస్తోంది. మొదట ఎండకు ముడిపెట్టి చూశాను, కుదరలేదు. కారు నడిచిన దూరానికి ముడిపెట్టాను, అదీ కుదరలేదు. డ్యాష్‌బోర్డు అరలో మామగారి అలవాటు ప్రకారం దాచిన పెట్రోలు బంకు రసీదులు ఉన్నాయి. వాటి తేదీలను నోట్‌బుక్ పక్కన పెట్టి చూడగానే లెక్క కుదిరింది. ట్యాంకు నిండా పోయించిన మర్నాడు వాసన తీవ్రంగా ఉంది, ఆ మరుసటి రోజు తగ్గింది, కాస్త పెట్రోలు ఖర్చయ్యాక పూర్తిగా పోయింది. ఐదు వందలకో వెయ్యికో పోయించిన రోజుల తర్వాత వాసన లేదు.

కారుడు ట్యాంకు అడుగున ఉంటే పెట్రోలు ఎంత ఉన్నా కారుతుంది. నిండుగా ఉన్నప్పుడే వాసన వస్తోందంటే, కారే చోటు పై మట్టంలో ఉండాలి: ట్యాంకు మూతి గొట్టం, దాని పక్కన గాలి బయటికి పోయే సన్నని గొట్టం, ట్యాంకు పైన పెట్రోలు మట్టాన్ని గేజికి తెలిపే సెండరు ప్యాకింగ్, లేదా బయటి మూత వాషరు. గాలించవలసిన చోటు కారు మొత్తంనుంచి ఈ నాలుగింటికి కుదించుకుపోయింది.

ఇందులో మన బంకుల అలవాటు ఒకటి కలిసింది. నాజిల్ తనంతట తాను ఆగిపోయాక, అంటే ఆటో కట్ అయ్యాక, అంకె సరిగ్గా రావడానికి బంకు కుర్రాడు మరో రెండు మూడు సార్లు నొక్కుతాడు. "రౌండు చేస్తా సార్" అంటాడు. మనమూ చిల్లర బాధ తప్పుతుందని తల ఊపుతాం. లీటరు నూరు రూపాయలు దాటిన చోట రౌండు కోసం పోసేది కొద్దిగానే అనిపిస్తుంది, కానీ ఆ కొద్ది పెట్రోలు చేరేది ట్యాంకులోకి కాదు, మూతి గొట్టంలోకి. ఆటో కట్ తర్వాత ట్యాంకు పైన వదిలి ఉండే ఖాళీ ఊరికే ఉన్నది కాదు. పెట్రోలు డిగ్రీకి తన పరిమాణంలో సుమారు 0.00095 వంతు వ్యాకోచిస్తుంది. బంకులో నేలలోపలి ట్యాంకునుంచి చల్లగా వచ్చిన 25 లీటర్ల పెట్రోలు, ఎండలో నిలిపిన కారులో 12 డిగ్రీలు వేడెక్కితే పావు లీటరుకు పైగా పెరుగుతుంది. ఆ పావు లీటరుకు చోటు లేకపోతే అది ఎక్కేది మూతి గొట్టంలోకే. అక్కడ పగులు ఉంటే సీటు వాసన పట్టడానికి ఇంకేం కావాలి.

ఏప్రిల్ మధ్య

ఊహను పరీక్షకు పెట్టడానికి ట్యాంకు సగం ఉన్నప్పుడు ఒకసారి, ఆటో కట్ దాకా నింపి ఒకసారి, బంజారాహిల్స్ ఎత్తుల్లో ఒకే దారిలో తిప్పి చూశాను. సగం ట్యాంకుతో ఏమీ లేదు. నిండు ట్యాంకుతో గట్టు ఎక్కుతున్నప్పుడు, వెనక్కి వాలిన పెట్రోలు మూతి వైపు ఎగదన్నిన కొద్దిసేపటికే, వెనుక కూర్చున్న మా శ్రీమతి అద్దం దించేసింది. చదునైన రోడ్డు మీదికి వచ్చాక తగ్గింది.

మర్నాడు వెనుక సీటు, పక్క ప్లాస్టిక్ పలకలు విప్పాను. ఇవి విప్పడంలో చెప్పుకోదగ్గదేమీ లేదు. ముప్పై ఏళ్ల ప్లాస్టిక్ క్లిప్పులు విరుగుతాయి, కొత్తవి కొనుక్కోవాలి. పలక వెనుక బాడీ రేకులో మూతి పైపు వైపు తెరుచుకునే ఒక గుండ్రటి రంధ్రం ఉంది. దాన్ని మూయవలసిన రబ్బరు బిరడా లేదు. చక్రం పైనున్న గూడులోంచి వచ్చే గాలి తిన్నగా వెనుక సీటు పక్కకే వస్తోంది. కారుడు బయటే ఉన్నా వాసన లోపల ఎందుకు ఉందో దీనితో తేలింది. ఈ రంధ్రం మూసేస్తే సీటులో వాసన పోయేది. వాసన పోయినంత మాత్రాన పెట్రోలు కారడం ఆగదు. అందుకే బిరడాను చివరికి వాయిదా వేశాను.

కింది వైపునుంచి, చక్రం తీసి, ఇనుప మూతి పైపునూ ట్యాంకునూ కలిపే లావుపాటి రబ్బరు గొట్టం చుట్టూ, సెండరు పళ్లెం చుట్టూ పిల్లల టాల్కం పౌడరు పలచగా చల్లాను. కారును నిండు ట్యాంకుతో మధ్యాహ్నం ఎండలో వదిలేశాను. సాయంత్రానికి సెండరు చుట్టూ పౌడరు చెక్కుచెదరలేదు. లావు గొట్టం అడుగున, క్లిప్పు అంచు వెంట, పౌడరు తడిసి ఆరి గోధుమ రంగు అర్ధచంద్రంలా ముద్దకట్టి ఉంది. పైనుంచి చూస్తే ఆ గొట్టానికి ఏ లోపమూ కనిపించదు. వేలితో పక్కకు వంచినప్పుడు మాత్రం క్లిప్పు కోసిన చోట పగులు నోరు తెరుస్తోంది. ఎప్పుడో ఎవరో స్క్రూ క్లిప్పును అవసరానికి మించి బిగించారు. దాని పట్టీ అంచు రబ్బరులోకి దిగింది.

ఏప్రిల్ మూడో వారం

రాణిగంజ్ విడిభాగాల బజారు. మారుతి 800 హైదరాబాద్‌తో సహా పదమూడు నగరాల్లో 2010లోనే అమ్మకం ఆగిపోయిన కారు, 2014లో పూర్తిగా ఆగిపోయినది. సర్వీసు విడిభాగాలు ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతాయి. ట్యాంకు గొట్టం లాంటి అరుదుగా మార్చేవి మాత్రం దొరకవు. "ఒరిజినల్ వస్తలేదన్నా, ఇది ఏసుకోండి, మస్తు నడుస్తది" అంటూ ఒక దుకాణదారు రేడియేటరు గొట్టం ముక్క చేతిలో పెట్టాడు. సైజు సరిగ్గా ఉంది. పాత బళ్లలో మూతి గొట్టంగా రేడియేటరు గొట్టమే చాలాసార్లు కనిపిస్తుంది. అయితే ఈ కాలపు రేడియేటరు గొట్టాలు ఈపీడీఎం రబ్బరువి. అది వేడినీటికి, కూలెంటుకు గట్టిది. పెట్రోలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. కొత్తగా బిగించిన రోజు చుక్క కూడా కారదు, కొన్ని నెలల్లో పరిస్థితి మొదటికన్నా అధ్వానమవుతుంది. ద్విచక్ర వాహనాలకు వాడే పారదర్శకపు ప్లాస్టిక్ గొట్టం కూడా ఇంతే. పెట్రోలుకు గట్టిపడి జారిపోతుంది.

గొట్టం ఎన్నుకోవడంలో ఇప్పుడు ఇథనాల్ కూడా లెక్కలోకి వస్తుంది. మన దేశంలో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం కొన్ని రాష్ట్రాల్లో 2003లో మొదలైంది. 2022లో సగటు 10 శాతానికి చేరింది. 2023నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 బంకులకు రావడం మొదలై ఇప్పుడు మామూలు పెట్రోలే అది. 1992లో ఈ కారు గొట్టాలు తయారైనప్పుడు ఇథనాల్ ఎవరి ఆలోచనలోనూ లేదు. ఇథనాల్ పాత నైట్రైల్ రబ్బరును ఉబ్బించి, అందులోని మెత్తదనాన్నిచ్చే ద్రవ్యాలను లాగేస్తుంది. ఎండితే రబ్బరు బిరుసెక్కుతుంది. అలాగని దొరికిన ప్రతి పగులుకూ ఈ20నే నిందించడం నాకు సమ్మతం కాదు. మా గొట్టాన్ని కోసింది క్లిప్పు, బిరుసెక్కించింది వయసు. కొత్తది వేసేటప్పుడు మాత్రం ఇథనాల్‌ను తట్టుకునేది వేయకపోతే చేసిన పని నిలవదు.

సన్న గొట్టాలకు లోపలి పొర ఫ్లోరో రబ్బరుతో ఉన్న, పెట్రోలు గొట్టాల ప్రమాణం ఎస్ఏఈ 30ఆర్9 అని ఒంటిమీద ముద్రించినవి తీసుకున్నాను. కార్బొరేటర్ బండి తక్కువ పీడనానికి 30ఆర్7 చాలు, ధర కూడా తక్కువ. ఇథనాల్ దృష్ట్యానే పైది ఎంచుకున్నాను. ముద్ర లేని గొట్టం ఎంత మందంగా ఉన్నా కొనలేదు. లావు గొట్టం ఇంకొక దుకాణంలో, వర్నియర్‌తో లోపలి కొలత చూసి, పెట్రోలుకు పనికొస్తుందని ముద్ర ఉన్న మీటరు ముక్కలోంచి కోయించుకున్నాను. క్లిప్పులు పట్టీకి రంధ్రాలు లేని, అంచులు పైకి మడిచిన రకానివి. ధర మామూలు క్లిప్పుకు మూడు రెట్లు. గొట్టాన్ని కోసింది ఏమిటో చూశాక బేరమాడలేదు.

ఏప్రిల్ చివర

గొట్టం మార్చాలంటే ట్యాంకును కాస్త కిందికి దించాలి. దానికి ముందు ఖాళీ చేయాలి. నోటితో పీల్చి తీసే పద్ధతి మా వైపు ఇప్పటికీ ఉంది, చేయకూడదు. పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం. చేతి పంపుతో, మూత బిగుతుగా పడే లోహపు డబ్బాలోకి తీశాను. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా సొంత అవసరానికి పెట్రోలు ఉంచుకోవాలంటే మొత్తం 30 లీటర్లకు మించరాదు, లోహపు పాత్ర 25 లీటర్లకు మించరాదు. ట్యాంకు పావు వంతుకు దిగేదాకా కారు నడిపి తర్వాత తీశాను గనుక ఆ హద్దుల జోలికి పోలేదు. డబ్బాకూ కారు బాడీకీ మధ్య రాగి తీగ కట్టాను. పెట్రోలు పారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు నిప్పురవ్వగా మారకుండా ఉండటానికి.

ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదకరమైనది. నిండుదానిలో ఆవిరికి గాలి చాలదు. ఖాళీదానిలో గాలీ ఆవిరీ మండే పాళ్లలో కలిసి ఉంటాయి. అందుకే గుడ్డలతో దాని మూతులు మూసి, సిగరెట్టు వెలిగించబోయిన మెకానిక్ సహాయకుణ్ణి దూరంగా పంపాం. ట్యాంకు ఎలాగూ దిగింది కదా, పక్కనున్న చిన్న తుప్పు మచ్చకు ఒక వెల్డింగు చుక్క పెడదామన్న సలహా వచ్చింది. పెట్రోలు ట్యాంకుకు వెల్డింగు మాట మా చెట్టు కింద వద్దన్నాను. తుప్పు గీకి, రంగు పూశాం, రేకు గట్టిగానే ఉంది.

గొట్టం బిగించడం అరగంట పని. ఇనుప పైపు చివర తుప్పును సన్న కాగితంతో రుద్ది నునుపు చేయకపోతే కొత్త రబ్బరు కూడా కూర్చోదు, ఇక్కడ తొందరపడలేదు. క్లిప్పును గొట్టం చివరినుంచి కాస్త లోపలికి జరిపి, రబ్బరు పట్టీ పక్కన ఉబికేదాకా కాకుండా, కదలకుండా ఉండేంత మేరకు బిగించాం. పక్కనున్న గాలి గొట్టం కూడా కొత్తదే. సెండరు తప్పు చేయకపోయినా చేతికి అందింది కాబట్టి దాని ప్యాకింగ్ మార్చాం. తీసిన పాతది గుల్లలా చేతిలోనే విరిగింది. బయటి మూత వాషరు మార్చాం. చివరిగా, బాడీ రేకు రంధ్రానికి రబ్బరు బిరడా.

మే మొదటి వారం

ఆటో కట్ దాకా నింపించి, "రౌండు వద్దు తమ్ముడూ" అని చెప్పి, కారును పొద్దుటినుంచి సాయంత్రం దాకా నీడ లేని చోట వదిలాను. బయట 41 డిగ్రీలు. సాయంత్రం చక్రం తీసి చూస్తే మళ్లీ చల్లిన పౌడరు పొడిగానే ఉంది. అయినా తలుపు తీయగానే సీటులో వాసన వచ్చింది.

ఇది కారుడు కాదు. ఏళ్లతరబడి ఆవిరి పీల్చిన సీటు స్పాంజి, నేల కింద పరిచిన జనపనార పట్టా ఎండకు వేడెక్కి ఆ వాసనను తిరిగి వదులుతున్నాయి. తేడా తెలుసుకోవడానికి సీటునూ పట్టాలనూ పూర్తిగా బయటికి తీసి, ఖాళీ కారును నిండు ట్యాంకుతో మళ్లీ ఎండలో పెట్టాను. ఈసారి మా శ్రీమతి తలుపు తీసి, లోపల కూర్చుని, "ఇనుము వాసన తప్ప ఏమీ లేదండీ" అంది. పట్టా పారేశాను. స్పాంజిని డాబా మీద ఎండలో వారం పాటు తిరగేస్తూ ఉంచితే వాసన పోయింది. బంజారాహిల్స్ గట్టు మీద నిండు ట్యాంకుతో మరోసారి తిప్పాను. అద్దం దించవలసిన అవసరం రాలేదు.

కారు సెల్లార్‌లోకి తిరిగి వచ్చింది. అసోసియేషన్ కార్యదర్శిగారిని పిలిచి, పొద్దున్నే తలుపు తీసి చూపించాను; ఆయన వంగి, ట్యాంకు కింద కూడా ముక్కు పెట్టి చూసి సరేనన్నారు. మిగిలిన పని ఒకటుంది. ట్యాంకునుంచి ఇంజను గదికి కారు అడుగున పోయే ఇనుప పైపులను కలిపే చిన్న రబ్బరు ముక్కలు ఇంకా పాతవే. వాటికి సరిపడే 30ఆర్9 గొట్టం కోసి ఉంచాను. వానలు పడి అడుగు భాగం బురద పట్టకముందే, ఈ నెలాఖరు ఆదివారం ఆ పని పెట్టుకున్నాం.